చిప్పు లేకుండా చిప్పు పాఠం: నమాజు వేళల బోర్డు లోపలి రెండు తీగలు



పోయినేడాది సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతుండగా ఒక హాజీ సాబ్ లేచి ఇలా అడిగారు: "మాస్టారూ, సాయంత్రం క్లాసులో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పుతున్నామని రిపోర్టులో రాశారు. సామాను ఖాతా చూస్తే మూడు చిప్పులు, కాసిని తీగలు తప్ప ఏమీ కనబడవు. పద్నాలుగు మంది పిల్లలు దేంతో నేర్చుకుంటున్నట్టు?"

అడగవలసిన ప్రశ్నే. చందా ఇచ్చినవారికి అడిగే హక్కుంది. అప్పటికే భోజనాల వేళ అయింది కాబట్టి, "కంప్యూటర్‌లోనే చిప్పును తయారు చేసుకుంటున్నామండీ" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాను. వినేవాళ్ళకు అది మాయమాటలా వినిపించి ఉంటుంది. ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు, పిల్లలకు చెప్పే ఆ పాఠాన్నే మీ ముందు పెడదామనుకున్నాను. ఓపిక పట్టి చదివితే అర్థం కానిదేమీ లేదు. నేనూ ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కాదు. బీఈడీ చేసి, ముప్పై ఏళ్ళకు దగ్గరగా లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పుకుంటూ వచ్చినవాణ్ణి.

ముందు అసలు కారణం చెప్పాలి. క్లాసు మొదలుపెట్టిన కొత్తలో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు బ్యాటరీ తీగలు తిరగేసి పెట్టాడు. చిప్పు వేడెక్కి పోయింది. నేనేమీ అనలేదు. అయినా వాడు రెండు రోజులు క్లాసుకు రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, "చందా డబ్బుతో కొన్న వస్తువు పాడు చేశాను సార్" అని తలొంచుకున్నాడు. వాళ్ళ నాన్న పంక్చర్ షాపులో పనిచేస్తాడు. ఆ వస్తువు ధర ఇంట్లో వాళ్ళకు తెలియదు, ఎంతో ఉంటుందని భయపడ్డారు. తప్పు చేయడానికి భయపడే పిల్లవాడికి ప్రోగ్రామింగ్ రాదు. వంద తప్పులు చేసినా పాడు కాని చిప్పు ఒకటి కావాలనిపించింది. అప్పటికి మన దగ్గర దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్లు ఆరు ఉన్నాయి.

ఇక పాఠంలోకి వద్దాం. మస్జిద్ గోడ మీద నమాజు వేళల బోర్డు మీరంతా చూసిందే. పైన ఇప్పటి టైము, కింద ఫజర్, జుహర్, అసర్, మగ్రిబ్, ఇషా, రమజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలు. దాని వెనక మూత విప్పితే లెక్కలు వేసే చిన్న కంప్యూటర్ చిప్పు ఒకటి ఉంటుంది. దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. పక్కనే ఎనిమిది కాళ్ళ నల్లటి ముక్క, దానికి బొత్తాం బిళ్ళ బ్యాటరీ. అదే గడియారం చిప్పు. కరెంటు పోయినా ఆ బ్యాటరీ మీద టైము నడుస్తూనే ఉంటుంది. మా క్లాసులో వాడేది డీఎస్1307 అనే రకం.

మైక్రోకంట్రోలర్‌కు టైము తెలియదు. గడియారం చిప్పును అడగాలి. వీటి మధ్య సంభాషణ నడిచేది రెండే తీగల మీద. ఈ పద్ధతిని నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ కంపెనీ 1980ల మొదట్లో తయారు చేసింది. టీవీ సెట్ల లోపల చిప్పుకీ చిప్పుకీ మధ్య తీగల గుంపు పెరిగిపోతుంటే దాన్ని తగ్గించడానికి చేశారు. పేరు ఐ స్క్వేర్డ్ సీ, పలకడానికి తేలికగా ఐ2సీ అంటారు. ఈనాడు ఫోన్లలో, కంప్యూటర్లలో, ఎన్నో యంత్రాలలో ఈ రెండు తీగలు ఉన్నాయి. సాంకేతికంగా దీన్ని సింక్రొనస్ సీరియల్ బస్ అంటారు. ఈ మూడు మాటలూ విడదీసి చెబుతాను.

బస్ అంటే అందరూ పంచుకునే దారి. ఆర్టీసీ బస్సులో పాతరోజుల్లో గంట తాడు పొడవునా వేలాడుతుండేది. కండక్టరు ముందున్నా వెనకున్నా అదే తాడు లాగేవాడు. మేం క్లాసులో కిటికీ ఊచలకు సైకిల్ ట్యూబు ముక్కలు కట్టి, వాటికి రెండు తాళ్ళు వేలాడదీస్తాం. ఎవరైనా లాగితే తాడు కిందికి వస్తుంది. అందరూ వదిలేస్తే రబ్బరు దాన్ని పైకి తీసుకుపోతుంది. తాడును పైకి నెట్టే అధికారం ఎవరికీ లేదు. లాగడం, వదలడం, ఈ రెండు పనులే. నిజం తీగల మీద ఈ రబ్బరు పని చేసేది ఒక రెసిస్టర్, తరచుగా 4.7 కిలో ఓమ్‌లది వాడతారు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

సీరియల్ అంటే ఒక్కొక్కటిగా. ఎనిమిది ఒకట్లు, సున్నాలు కలిస్తే ఒక మాట. అవి వరుసలో ఒకదాని వెనక ఒకటి వెళతాయి.

సింక్రొనస్ అంటే ఒకే సంజ్ఞకు కట్టుబడి కదలడం. పిల్లలకు ఇది చెప్పడానికి నేను జమాఅత్ పోలిక తెస్తాను. అర్థం కావడానికే సుమా, అదబ్‌కు లోటు రానివ్వను. ఇమాం తక్బీర్ చెప్పాకే వెనక సఫ్ కదులుతుంది, ముందుగా కదలడం తప్పు. ఇక్కడ ఎస్‌సీఎల్ అనే తీగ ఆ సంజ్ఞ ఇస్తుంది. ఎస్‌డీఏ అనే రెండో తీగ సమాచారం మోస్తుంది. ఎస్‌సీఎల్ పైన ఉన్నంతసేపు ఎస్‌డీఏ కదలకూడదు, అప్పుడే దాన్ని చదువుతారు. ఎస్‌సీఎల్ కింద ఉన్నప్పుడే మార్చుకోవాలి. ఈ నియమాన్ని కావాలని దాటే సందర్భాలు రెండే. ఎస్‌సీఎల్ పైన ఉండగా ఎస్‌డీఏ కిందికి పడితే "మొదలు" అని అర్థం, పైకి లేస్తే "ముగింపు" అని అర్థం.

తర్వాత హాజరు పట్టీ. మొదలు సంజ్ఞ తర్వాత మైక్రోకంట్రోలర్ ఏడు బిట్ల నంబరు పిలుస్తుంది. ఏడు బిట్లకు 128 నంబర్లు వస్తాయి, వాటిలో 16 ప్రత్యేక అవసరాలకు తీసి పెట్టారు, మిగిలినవి 112. మన గడియారం నంబరు 1101000, మామూలు లెక్కలో 104. ఎనిమిదో బిట్ "రాస్తాను" అనో "చదువుతాను" అనో చెబుతుంది. తొమ్మిదో సంజ్ఞకు పిలిచినవాడు తాడు వదిలేసి చూస్తాడు. ఆ నంబరు గలవాడు ఉంటే ఎస్‌డీఏను కిందికి లాగుతాడు. "ప్రెజెంట్ సార్" అన్నట్టు. ఎవరూ లాగకపోతే రబ్బరు బలానికి తాడు పైనే ఉంటుంది. అంటే ఆబ్సెంట్. ఇక్కడ మౌనం కూడా ఒక జవాబే. ప్రతి ఎనిమిది బిట్ల మాట తర్వాతా ఇదే తంతు.

పాత పుస్తకాల్లో పిలిచేదాన్ని మాస్టర్ అని, పలికేదాన్ని స్లేవ్ అని రాసేవారు. 2021లో ప్రమాణ పత్రంలోనే ఆ మాటలు తీసేసి కంట్రోలర్, టార్గెట్ అని మార్చారు. చిప్పు నడకలో ఏ మార్పూ లేకపోయినా, పిల్లలకు కొత్త మాటలే చెబుతున్నాను.

ఇంతవరకూ చిప్పు ఎలా మాట్లాడుతుందో చూశాం. ఇప్పుడు చిప్పు లేకుండా ఎలా అన్నది. చిప్పు చేసే పనంతా తీగల మీద కనబడే ప్రవర్తనే కదా. ఏ సంజ్ఞకు ఎప్పుడు తాడు లాగాలో, ఎప్పుడు వదలాలో తెలిస్తే, అదే పని చేసే ప్రోగ్రామ్ రాయవచ్చు. అవతలి ప్రోగ్రామ్‌కు నిజం చిప్పుతో మాట్లాడుతున్నానా, చిప్పు వేషం కట్టిన సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడుతున్నానా అన్న తేడా తెలియకూడదు. ఇలాంటి వేషధారి ప్రోగ్రామ్‌నే ఎమ్యులేటర్ అంటారు. మా పిల్లలు పైథాన్ భాషలో రాస్తారు.

మొదటి మెట్టు తాడు. చాలామంది పిల్లలు ఎస్‌డీఏ అని ఒక పేరు పెట్టి, ఎవరు చివర రాస్తే వాళ్ళ విలువే అందులో ఉండేటట్టు చేస్తారు. అప్పుడు చిప్పు కిందికి లాగి పట్టుకున్నా, కంట్రోలర్ "పైకి" అని రాస్తే తాడు పైకి పోతుంది. నిజంలో అలా జరగదు. సైకిల్ ట్యూబు పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఇద్దరి చేతులూ వేర్వేరుగా గుర్తుపెట్టుకోవాలి, ఇద్దరూ వదిలితేనే తాడు పైన. ఇది ఒక్క వరుస ప్రోగ్రామే అయినా, పిల్లలకు పట్టుబడడానికి ఒక వారం పడుతుంది.

రెండో మెట్టు చిప్పు స్థితి. ఇప్పుడు నేను ఏం చేస్తున్నాను? ఊరికే ఉన్నానా, నా నంబరు పిలుస్తున్నారేమోనని వింటున్నానా, రాయించుకుంటున్నానా, చదివి వినిపిస్తున్నానా? తాళ్ళు కదిలిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకుని తర్వాతి స్థితికి మారడమే ప్రోగ్రామ్ చేసే పని. మధ్యలో ఎక్కడున్నా సరే, మొదలు సంజ్ఞ వినబడితే చేస్తున్నది వదిలేసి మళ్ళీ నంబరు వినాలి. మనవాళ్ళు ఎక్కువగా మరిచేది ఇదే.

మూడోది చిప్పు కడుపులోని గళ్ళు. డీఎస్1307లో 64 గళ్ళున్నాయి. మొదటి ఏడింటిలో సెకన్లు, నిమిషాలు, గంటలు, వారం, తేదీ, నెల, సంవత్సరం. ఎనిమిదోది అదుపు కోసం. మిగిలిన 56 మనం ఏదైనా దాచుకోవడానికి. కంట్రోలర్ ముందు "సున్నా గడి దగ్గర వేలు పెట్టు" అని రాస్తుంది, మళ్ళీ మొదలు సంజ్ఞ ఇచ్చి చదవడం ప్రారంభిస్తుంది. ఒక్కో గడి చదివినకొద్దీ వేలు దానంతటదే ముందుకు జరుగుతుంది. ఆఖరి గడి దాటితే మళ్ళీ సున్నాకు వస్తుంది. ఇంతే.

ఇంతే అనుకుని నేను బోల్తా పడ్డాను. మొదటి ఎమ్యులేటర్ నేనే రాశాను. పిల్లలు దానికి ఎదురుగా బోర్డు ప్రోగ్రామ్ రాశారు. నాలుగు సాయంత్రాల్లో అయిదు జట్ల ప్రోగ్రామ్‌లూ టైము చక్కగా చూపించాయి. నేను పొంగిపోయి, మిగిలిన నిజం చిప్పులలో ఒకటి తెచ్చి తగిలించాను. తెర మీద 00:00:128 అని వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"సార్, నిమిషంలో నూట ఇరవై ఎనిమిదో సెకను ఎక్కడిది?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రాన్ని, డేటాషీట్ అంటారు, మొదటిసారి అక్షరం అక్షరం చదివాను. అంతకుముందు బొమ్మలు చూసి వదిలేశాననే చెప్పాలి. సెకన్ల గడిలో పై బిట్ టైము కాదట. అది గడియారాన్ని ఆపే మీట. మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు మామూలుగా ఆ మీట వేసే ఉంటుంది, గడియారం నడవదు. మనం ఆ బిట్ తీసేసి రాస్తేనే నడక మొదలుపెడుతుంది. ఆ పై బిట్ విలువే 128.

మర్నాడు అది సరిచేశాం. గడియారం నడిచింది. 7, 8, 9, ఆ తర్వాత 16! పిల్లలు పడీపడీ నవ్వారు. ఈ చిప్పు అంకెలను మనం రాసుకున్నట్టే పదుల స్థానం ఒక సగంలో, ఒకట్ల స్థానం ఇంకో సగంలో దాస్తుంది. పదుల స్థానాన్ని పదహార్లుగా చదివితే 10 కాస్తా 16 అవుతుంది, 59 కాస్తా 89 అవుతుంది. నా ఎమ్యులేటర్ మామూలు అంకెలు ఇచ్చేది, పిల్లలు మామూలు అంకెలే చదివేవారు. తప్పు ప్రశ్నకు తప్పు జవాబు సరిగ్గా అతికిపోయింది. నా వేషధారి ఎప్పుడూ నడుస్తూ, ఎప్పుడూ పలుకుతూ, అడిగినట్టల్లా ఇస్తూ పిల్లలను నాలుగు రోజులు మోసం చేసింది. మోసం చేసింది నేనే అనుకోండి.

మన ఇళ్ళలో హిఫ్జ్ చేసే పిల్లలున్నారు. పాఠం అప్పజెప్పేటప్పుడు వినేవాడు ముస్‌హఫ్ తెరిచి పెట్టుకుని వింటాడు. ఇద్దరూ ఒకే చోట ఒకే తప్పు కంఠస్థం చేసి ఉంటే, జ్ఞాపకం మీద వినేవాడికి ఆ తప్పు వినబడదు. కాగితం ముందుంటేనే దొరుకుతుంది. ఇది మా క్లాసు నియమమైంది. చిప్పు వేషం రాసే జట్టు వేరు, బోర్డు ప్రోగ్రామ్ రాసే జట్టు వేరు. ఇద్దరూ ఒకరి నోట్సు ఒకరు చూడకూడదు. ఇద్దరి దగ్గరా డేటాషీట్ మాత్రం ఉండాలి. ఇంగ్లీషు మీడియం కాని పిల్లలు ఆ కాగితంతో కుస్తీ పడడం చూడడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ, బోర్డు మీద బొమ్మ వేసుకుంటూ, మూడు వారాల్లో పూర్తి చేశారు. నేను నేర్పినదానికంటే ఆ కాగితం నేర్పింది ఎక్కువ.

కొత్త ఎమ్యులేటర్‌కు పిల్లలు ఒక లక్షణం పెట్టారు. అది మొండికేయగలదు. కొత్త చిప్పులా ఆగిపోయి మొదలవుతుంది. ఒక మీట నొక్కితే పిలుపుకు పలకదు. ఇంకో మీటతో మాట మధ్యలో తాడు పట్టుకుని వదలదు. నిజంలోనూ ఇది జరుగుతుంది. కంట్రోలర్ చదువుతూ చదువుతూ మధ్యలో రీసెట్ అయిందనుకోండి, చిప్పు సున్నా బిట్ చూపిస్తూ ఎస్‌డీఏను కిందనే పట్టుకుని తర్వాతి సంజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కంట్రోలర్ కొత్తగా మొదలు పెట్టలేదు, తాడు దాని చేతిలో లేదు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు కూర్చుంటారు. దీనికి మందు, ఊరికే తొమ్మిది సంజ్ఞలు ఇచ్చి చిప్పు చెప్పేది పూర్తి చేయించడం. ప్రమాణ పత్రంలోనే ఈ సలహా ఉంది. ఎమ్యులేటర్ తాడు పట్టుకోగలిగినప్పుడే పిల్లలు ఈ మందు రాయడం నేర్చుకున్నారు.

ఇప్పుడు అసలైన సంగతి. మన బోర్డుకు ఇఫ్తార్ వేళ సైరన్ మోగించే ఏర్పాటు కావాలని మస్జిద్ పెద్దలు అడిగారు. ప్రోగ్రామ్ తేలికే. టైము చదువు, మగ్రిబ్ వేళ దాటితే సైరన్ వేయి. ఒక జట్టు సెకన్లు ఒకసారి, నిమిషాలు ఇంకోసారి, గంటలు మరోసారి, మూడు విడివిడి పిలుపులతో చదివింది. రోజంతా సరిగ్గా నడిచింది. నిజం చిప్పు మీద కూడా వారం రోజులు ఏ తేడా రాలేదు.

ఎమ్యులేటర్ జట్టులోని కుర్రాడు, మొదట్లో చిప్పు కాల్చినవాడే, ఒక కొంటె మీట తయారు చేశాడు. ఎన్నో పిలుపు తర్వాత గడియారం ఒక సెకను ముందుకు జరగాలో మనమే చెప్పవచ్చు. టైము 17:59:59 పెట్టాడు. ప్రోగ్రామ్ సెకన్లు చదివింది, 59. నిమిషాలు చదివింది, 59. సరిగ్గా అక్కడ మీట నొక్కాడు. గడియారం 18:00:00 అయింది. ప్రోగ్రామ్ గంటలు చదివింది, 18. మూడూ కలిపితే 18:59:59. ఆ రోజు మగ్రిబ్ 18:31 అని పెట్టి ఉంచాం. సైరన్ మోగింది. అసలు టైము ఆరు గంటలు, సూర్యుడు ఇంకా పైనే ఉన్నాడు.

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. మస్జిద్‌లో అది మోగితే ఎంతమంది చేతిలో ఖర్జూరం నోటి దాకా వెళ్ళేదో పిల్లలకు చెప్పనక్కర్లేకపోయింది.

నిజం చిప్పు మీద ఈ తప్పు దొరకడం దాదాపు అసాధ్యం. సెకనుకు లక్ష బిట్ల వేగంతో మాట్లాడే తీగ మీద నిమిషాల పిలుపుకూ గంటల పిలుపుకూ మధ్య ఎడం సెకనులో రెండువేల వంతు కూడా ఉండదు. రోజుకు ఒక్కసారి, ఆ ఇరుకు సందులో పడితేనే తప్పు బయటపడుతుంది. నెలలు, ఏళ్ళు గడిచినా పడకపోవచ్చు, లేదా మొదటి రోజాకే పడవచ్చు. వేషధారికి మాత్రం ఆ క్షణాన్ని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పిలిపించవచ్చు. నా దృష్టిలో ఎమ్యులేటర్ అసలు విలువ ఇక్కడుంది. డబ్బు మిగలడం దాని తర్వాతి మాట.

సరైన పద్ధతి డేటాషీట్‌లోనే ఉంది. మొదలు సంజ్ఞ వినగానే చిప్పు తన టైమును ఒక పక్క గళ్ళలోకి నకలు తీసుకుంటుంది. ఆ తర్వాత చదివేదంతా ఆ నకలు నుంచే. అసలు గడియారం ముందుకు నడుస్తున్నా మనకు వచ్చే అంకెలు ఒకే క్షణానివి. ఒకే పిలుపులో ఏడు గళ్ళూ చదివితే ప్రమాదం లేదు. విడివిడిగా పిలిస్తే ప్రతి పిలుపుకూ కొత్త నకలు, అందుకే అతుకు కుదరలేదు. ఎమ్యులేటర్ జట్టు కూడా ఈ నకలు పద్ధతిని రాయాలి. రాయకపోతే సరైన ప్రోగ్రామ్ కూడా తప్పుగా కనబడుతుంది. టైమును కదలకుండా ఉంచేస్తే తప్పు ప్రోగ్రామ్ సరైనదిగా కనబడుతుంది. రెండూ అబద్ధాలే.

ఇదేదో మా క్లాసు పిచ్చి అనుకోకండి. క్యూఈఎంయూ అని పెద్ద ఎమ్యులేటర్ ఉంది, ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టి 2003లో విడుదల చేశారు. మొత్తం కంప్యూటర్లకే వేషం కడుతుంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి ప్రోగ్రామ్ చదువుకోవచ్చు. అందులో మన చిప్పుకు తోబుట్టువైన డీఎస్1338కు వేషం ఉంది. చదవడానికి పిలుపు రాగానే టైము పట్టి ఉంచడం, ఆఖరి గడి దాటి సున్నాకు వచ్చినప్పుడు మళ్ళీ కొత్తగా పట్టడం, రెండూ అందులో రాసి ఉన్నాయి. మా పిల్లలకు చూపిస్తే తాము రాసింది పెద్దవాళ్ళూ రాశారని గంతులేశారు. ఒక తేడా గమనించారు. క్యూఈఎంయూ తాడు కదలికలను ఒక్కొక్కటిగా నటించదు, మాట మొత్తంగా ఇచ్చి పుచ్చుకుంటుంది. వేగం కోసం అది సబబే. కానీ మొదలు, ముగింపు సంజ్ఞలు నేర్చుకోవలసిన పిల్లలకు తాళ్ళ స్థాయిలోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

లినక్స్‌లో కూడా ఐ2సీ స్టబ్ అని ఇలాంటిదే చిన్నది ఉంది. ఇచ్చింది దాచుకుని అడిగితే తిరిగి ఇస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. ఒక విలువ దానంతటదే మారాలని ఎదురుచూసే ప్రోగ్రామ్ దాని ముందు ఎప్పటికీ ఎదురుచూస్తూ నిలిచిపోగలదని దాన్ని రాసినవారే హెచ్చరిక పెట్టారు. నిజాయితీ గల హెచ్చరిక. నా మొదటి ఎమ్యులేటర్‌కు నేను అలాంటిది పెట్టలేదు.

హాజీ సాబ్ ప్రశ్నకు తిరిగి వస్తాను. సాఫ్ట్‌వేర్ ఉంది గదా, ఇక చిప్పులు అక్కర్లేదా అంటే, కావాలి. వేషధారికి రానివి ఉన్నాయి. ఒకసారి విడి చిప్పు తగిలించి, పైకి లాగే రెసిస్టర్లు పెట్టడం మరిచాం. ఎంత పిలిచినా పలుకు లేదు. ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ ఒక సాయంత్రం పోయింది. మా ఎమ్యులేటర్‌లో తాడు వదిలితే పైకి పోతుంది, రబ్బరు కట్టామా లేదా అని అది అడగదు. వదులైన తీగ, అయిపోయిన బ్యాటరీ కూడా దానికి తెలియవు.

అన్నిటికంటే ఎండ. డీఎస్1307కు టైము ఇచ్చేది బయట పెట్టే చిన్న క్రిస్టల్. పది లక్షలకు ఇరవై వంతుల తేడా ఉండే రకమైతే రోజుకు సుమారు 1.7 సెకన్లు, ఏడాదికి పది నిమిషాల దాకా తప్పుతుంది. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండి, వేడి పెరిగినకొద్దీ వెనకబడుతుంది. మే నెలలో రేకుల కప్పు కింద 45 డిగ్రీలలో వేలాడే బోర్డు ఆ వేడికే రోజుకు సెకనుకు పైగా నష్టపోతుంది. ఎమ్యులేటర్‌కు చెమట పట్టదు. దీనికి డీఎస్3231 అనే చిప్పు మేలు. లోపలే క్రిస్టల్ ఉండి, వేడిని కొలిచి తనను తాను సరిదిద్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షలకు రెండు వంతులే తేడా, అంటే ఏడాదికి నిమిషం. పిలుపు నంబరు కూడా అదే 104 కాబట్టి టైము చదివే ప్రోగ్రామ్ పెద్దగా మార్చనక్కర్లేదు. వెల కాస్త ఎక్కువ.

అందుచేత ఈ ఏడాది మా కోరిక ఇది. ప్రతి ఇద్దరు పిల్లలకు ఒక డీఎస్1307, మస్జిద్ బోర్డుకు ఒక డీఎస్3231, రెసిస్టర్ల పొట్లాలు, బొత్తాం బిళ్ళ బ్యాటరీలు, తీగలు. కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, ఉన్న ఆరూ ఈ పనికి చాలు. పిల్లలు ఏడాదిలో తొమ్మిది నెలలు ఎమ్యులేటర్ ముందే గడుపుతారు. ఆఖరి మూడు నెలలకు చేతిలోకి నిజం చిప్పు వస్తుంది. అప్పుడు ఒకటో రెండో కాలతాయి, వాటిని ఖర్చు లెక్కలోనే చూపిస్తాను.

పిల్లలు తయారు చేసిన బోర్డు ప్రస్తుతం క్లాసు గదిలో వేలాడుతోంది. మౌజన్ సాబ్ రోజూ అసర్ తర్వాత వచ్చి తన ఫోనులోని టైముతో సరిచూసి, గోడకున్న నోటుబుక్కులో తేడా ఎన్ని సెకన్లో రాసి వెళుతున్నారు. రజబ్, షాబాన్ రెండు నెలలూ ఆ పుస్తకం నిండాక మస్జిద్‌లోకి మారుద్దామని ఇమాం సాబ్ అన్నారు. సైరన్ తీగ మాత్రం ఇంకా కలపలేదు.